వృత్తికి తొలి వేదిక గ్రామం: వ్యవసాయ విద్యార్థులలో వృత్తి సంసిద్ధత, వృత్తి అస్తిత్వాల నిర్మాణం – బహదూర్‌పల్లి పరిసరాల నేపథ్యం

సారాంశం

కళాశాల విద్యార్థిని ఉద్యోగానికి సిద్ధం చేయడమూ, ఆ విద్యార్థిలో వృత్తి అస్తిత్వాన్ని నెలకొల్పడమూ ఒకటి కావు. మొదటిది నైపుణ్యాలకు సంబంధించినది. రెండవది ‘ఈ వృత్తి నాది’ అన్న ఎరుకకు సంబంధించినది. హైదరాబాదు ఉత్తర శివారులోని బహదూర్‌పల్లి పరిసరాలను నేపథ్యంగా తీసుకొని, వ్యవసాయ పట్టభద్ర విద్యలోని గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం ఈ రెండింటినీ ఏ విధంగా కలపగలదో ఈ వ్యాసం చర్చిస్తుంది. రైతు అడిగిన ప్రశ్నకు విద్యార్థి స్వయంగా బాధ్యత వహించినప్పుడే వృత్తి అస్తిత్వం రూపుదిద్దుకుంటుందనీ, అందుకు అనువుగా కార్యక్రమాన్ని ఐదు మెట్లుగా నిర్వహించుకోవచ్చుననీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వృత్తి సంసిద్ధత, వృత్తి అస్తిత్వం, గ్రామీణ వ్యవసాయ పని అనుభవం, విస్తరణ విద్య, నగర శివారు వ్యవసాయం

ఉపోద్ఘాతం

మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని బహదూర్‌పల్లిలో మహీంద్రా విశ్వవిద్యాలయం, టెక్ మహీంద్రా సంస్థ ప్రాంగణం ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. 2014లో మహీంద్రా ఎకోల్ సెంట్రల్ పేరుతో ఇంజనీరింగ్ కళాశాలగా మొదలైన సంస్థ 2020లో విశ్వవిద్యాలయంగా రూపొందింది. అక్కడ చదివే ఇంజనీరింగ్ విద్యార్థికి తాను చేరబోయే వృత్తి ప్రతిరోజూ కంటికి కనిపిస్తుంది. ఆ వృత్తిలో ఉన్నవారు ఏ వేళకు వస్తారో, ఏ భాషలో మాట్లాడతారో, ఏ పనికి విలువ ఇస్తారో ఆ విద్యార్థి పాఠం వినకుండానే గ్రహిస్తాడు.

అదే పరిసరాలలో, దూలపల్లిలో అటవీ జీవవైవిధ్య సంస్థ, అటవీ అకాడమీ ఉన్నాయి. మైసమ్మగూడలోని ప్రైవేటు విశ్వవిద్యాలయంలో వ్యవసాయ శాస్త్ర విభాగం ఉంది. శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారిపై ముందుకు సాగితే సిద్దిపేట జిల్లా ములుగులో శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం, అటవీ కళాశాల వస్తాయి. నేలను, మొక్కను, అడవిని చదివే విద్యార్థులకు ఈ ప్రాంతంలో కొదవ లేదు. అయితే వీరి వృత్తికి ఇంజనీరింగ్ విద్యార్థికి ఉన్నట్టుగా ఎదురుగా నిలిచిన భవనం లేదు. వ్యవసాయ పట్టభద్రుల పని రైతు వేదికలో, విత్తన శుద్ధి కేంద్రంలో, బ్యాంకు శాఖలో, నర్సరీలో, పరిశోధన క్షేత్రంలో చెల్లాచెదురుగా ఉంటుంది. కనిపించని వృత్తిని తనదిగా భావించడం విద్యార్థికి కష్టం.

దీనికి మరొక చిక్కు తోడవుతుంది. ఇంటర్మీడియెట్‌లో జీవశాస్త్రం చదివి, వైద్య విద్యలో సీటు రాక వ్యవసాయ కోర్సులో చేరేవారు తెలుగు రాష్ట్రాలలో ప్రతి తరగతిలోనూ కనిపిస్తారు. ‘ఏం చదువుతున్నావు?’ అని బంధువులు అడిగినప్పుడు వారి జవాబులో కొంత సంకోచం ధ్వనిస్తుంది. మరోవైపు రైతు కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థికి తల్లిదండ్రులు సేద్యం కష్టాల నుంచి బయటపడే దారిగా ఈ చదువును చూపిస్తారు. ఒకరు వ్యవసాయంలోకి ఇష్టం లేకుండా వచ్చారు. మరొకరు వ్యవసాయం నుంచి దూరం కావడానికి వచ్చారు. నాలుగేళ్ల చదువు ముగిసేనాటికి ఇద్దరూ వ్యవసాయ వృత్తి నిపుణులుగా బయటకు రావాలన్నది విద్యా లక్ష్యం. ఈ మార్పు దానంతట అది జరగదు.

భావనల వివరణ

వృత్తి సంసిద్ధత అంటే ఒక ఉద్యోగంలో చేరి నిలదొక్కుకోవడానికి కావలసిన సామర్థ్యాల సమాహారం. అమెరికాలోని కళాశాలలు, యాజమాన్యాల జాతీయ సంఘం దీనిని ఎనిమిది సామర్థ్యాలుగా వర్గీకరించింది. స్వీయ వికాసం, భావప్రసారం, విమర్శనాత్మక ఆలోచన, సమానత్వ దృష్టి, నాయకత్వం, వృత్తి నిబద్ధత, సమష్టి కృషి, సాంకేతికత వినియోగం అన్నవి ఆ ఎనిమిది. ఇవి శిక్షణ ద్వారా అలవడేవి. చాలావరకు పరీక్షించి కొలవదగినవి.

వృత్తి అస్తిత్వం వేరు. తనను తాను ఒక వృత్తి సమూహంలో సభ్యునిగా గుర్తించుకోవడం, ఆ సమూహపు విలువలను తన విలువలుగా స్వీకరించడం, ఇతరులు కూడా తనను ఆ విధంగా గుర్తించడం అనే మూడు అంశాలు ఇందులో కలిసి ఉంటాయి. ఈ విషయంలో నాలుగు సిద్ధాంతాలు విస్తరణ శాస్త్రవేత్తలకు ఉపయోగపడతాయి.

డొనాల్డ్ సూపర్ 1957లో వెలువరించిన వృత్తి వికాస సిద్ధాంతం ప్రకారం వృత్తిని ఎంచుకోవడం ఒక్కనాటి నిర్ణయం కాదు. వ్యక్తి తన గురించి తాను ఏర్పరచుకున్న భావనను ఆచరణలో పెట్టే దీర్ఘకాల ప్రక్రియ. జేమ్స్ మార్షియా 1966లో అస్తిత్వ స్థితులను నాలుగుగా విభజించాడు. అన్వేషణ, నిబద్ధత రెండూ లేని స్థితి మొదటిది. అన్వేషణ లేకుండానే ఇతరుల నిర్ణయాన్ని స్వీకరించిన స్థితి రెండవది. అన్వేషణ సాగుతూ నిబద్ధత కుదరని స్థితి మూడవది. అన్వేషించి నిబద్ధతకు చేరిన స్థితి నాలుగవది. తల్లిదండ్రుల మాటపై కోర్సులో చేరిన విద్యార్థి రెండవ స్థితికీ, వైద్య విద్య తప్పిపోయి దిక్కుతోచక చేరిన విద్యార్థి చాలా సందర్భాలలో మొదటి స్థితికీ దగ్గరగా ఉంటారు.

జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో ప్రచురించిన గ్రంథం మరొక కోణాన్ని చూపింది. వృత్తిని నేర్చుకోవడమంటే సమాచారాన్ని సేకరించడం మాత్రమే కాదు. వృత్తి సమూహపు అంచున చిన్న పనితో ప్రవేశించి, క్రమంగా బాధ్యతగల పనికి చేరుకోవడం. హెర్మినియా ఇబారా 1999లో వెలువరించిన పరిశోధన ప్రకారం వృత్తిలో కొత్త పాత్రకు మారేవారు అనుభవజ్ఞులను గమనిస్తారు; తాత్కాలికమైన ప్రవర్తనా రీతులను ప్రయత్నించి చూస్తారు; తమ అంతరాత్మ, ఇతరుల స్పందన అనే రెండు గీటురాళ్లపై వాటిని పరీక్షించుకుంటారు. సరిపడినది నిలుస్తుంది, సరిపడనిది రాలిపోతుంది.

ఈ నాలుగు సిద్ధాంతాలనూ కలిపి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. వృత్తి అస్తిత్వం ఉపన్యాసం వల్ల రాదు. నిజమైన పని, ఆ పనికి బాధ్యత, ఆ పనిని చూసి స్పందించే మనిషి ఉన్నప్పుడే అది ఏర్పడుతుంది.

పాఠ్య ప్రణాళికలో ఉన్న అవకాశం

వ్యవసాయ విద్యలో ఈ మూడింటికీ చోటిచ్చేది గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం. విద్యార్థులు దీనిని ‘రావెప్’ అని వ్యవహరిస్తారు. భారత వ్యవసాయ పరిశోధన మండలి చేపట్టిన ‘స్టూడెంట్ రెడీ’ కార్యక్రమాన్ని ప్రధానమంత్రి 2015 జూలై 25న పాట్నాలో ప్రారంభించారు. ఐదవ డీన్ల కమిటీ సిఫారసుల మేరకు నాలుగవ సంవత్సరం మొత్తం అనుభవపూర్వక విద్యకు కేటాయించబడింది. అందులో గ్రామీణ పని అనుభవానికి, వ్యవసాయ పరిశ్రమల అనుసంధానానికి కలిపి 20 వారాల వ్యవధి ఉంది. కళాశాలలో పరిచయ శిక్షణకు 1 వారం, గ్రామ నివాసానికి 8 వారాలు, పరిశోధన స్థానం లేదా కృషి విజ్ఞాన కేంద్రంలో 5 వారాలు, మొక్కల వైద్యశాలలో 2 వారాలు, వ్యవసాయ పరిశ్రమలో 3 వారాలు, నివేదిక తయారీ, సమర్పణలకు 1 వారం చొప్పున ఆ కమిటీ విభజించింది. ఆరవ డీన్ల కమిటీ 2024లో సమర్పించిన నివేదిక నూతన విద్యా విధానానికి అనుగుణంగా నైపుణ్య కోర్సులకు, ఇంటర్న్‌షిప్‌లకు మరింత ప్రాధాన్యం ఇచ్చింది.

కాబట్టి అవకాశం కొరవడలేదు. అవకాశాన్ని వినియోగించే తీరులోనే లోపం ఉంది. గ్రామ పటం గీయడం, పంటల క్యాలెండర్ తయారు చేయడం, రైతుల వివరాలు నమోదు చేయడం వంటి పనులు రికార్డు పుస్తకం కోసం మాత్రమే జరిగితే, వెనుకటి సంవత్సరపు రికార్డును చూసి రాసుకున్నా తేడా తెలియదు. అటువంటి 8 వారాలు విద్యార్థిని గ్రామంలో ఉంచుతాయి గాని వృత్తిలో ప్రవేశపెట్టవు.

ప్రశ్నకు బాధ్యత: ఒక ఉదాహరణ

శామీర్‌పేట ప్రాంతంలోని ఒక టమాట తోటకు పని అనుభవ కార్యక్రమంలో ఉన్న విద్యార్థిని వెళ్లిందని ఊహిద్దాం. రైతు ముడుచుకున్న ఆకులను చూపి, ‘ఏం మందు కొట్టాలమ్మా?’ అని అడిగాడు. తరగతిలో చదివిన ఆకుముడత వైరస్, దానిని వ్యాపింపజేసే తెల్లదోమ ఆ విద్యార్థినికి వెంటనే గుర్తుకు వస్తాయి. దోమ మందు పేరు చెప్పి ఆమె ముందుకు సాగిపోవచ్చు. లేదా ‘ఇప్పుడే చెప్పలేను, చూసి రేపు వచ్చి చెబుతాను’ అనవచ్చు.

రెండవ మాట అనడానికి ధైర్యం కావాలి. ఆ మాటతో ఆమె ఒక బాధ్యతను నెత్తిన వేసుకుంటుంది. ఇప్పుడు తోటంతా తిరిగి చూడాలి. వైరస్ సోకిన మొక్కలు సాధారణంగా తోటలో అక్కడక్కడ కనిపిస్తాయి. ఆకులు చిన్నవై పైకి ముడుచుకుంటాయి, అంచులు పసుపు బారుతాయి, మొక్క గిడసబారుతుంది, ఆకుల అడుగున తెల్లదోమ ఉంటుంది. ఈ తోటలో మాత్రం ఒక గట్టు వైపున్న మొక్కలన్నీ ఒకేసారి దెబ్బతిన్నాయి. దూరం పోయిన కొద్దీ తీవ్రత తగ్గింది. లేత ఆకులు సన్నగా సాగి, మెలి తిరిగి ఉన్నాయి. గట్టు మీది వెడల్పాటి ఆకుల కలుపు మొక్కలు సైతం వంకరపోయాయి. గట్టు అవతల మొక్కజొన్న చేను ఉంది. అందులో కలుపు నివారణకు ఇటీవల 2,4-డి పిచికారీ చేశారని ఆ రైతును అడిగితే తెలిసింది. మొక్కల వైద్యశాలలోని శాస్త్రవేత్తకు నమూనాలు చూపిన తరువాత, గాలికి కొట్టుకువచ్చిన కలుపు మందు తుంపరలే కారణమని నిర్ధారణ అయింది.

మరునాడు ఆమె రైతు వద్దకు తిరిగి వెళ్లి, దోమ మందు అవసరం లేదని చెబుతుంది. గాలి వీచేటప్పుడు పిచికారీ చేయకుండా పక్క చేను రైతుతో మాట్లాడుకోవాలనీ, కలుపు మందు కొట్టిన పంపును ఇతర మందులకు వాడరాదనీ వివరిస్తుంది. నిజంగా వైరస్ అయి ఉంటే చెప్పవలసిన మాట వేరుగా ఉండేది. వైరస్ సోకిన మొక్కను మందు బాగు చేయలేదు గనుక, తొలిదశలోనే పీకివేయడం, నారుమడిపై దోమ చొరబడని వల కప్పడం, పసుపు రంగు జిగురు అట్టలు పెట్టడం, చుట్టూ జొన్న వరుసలు వేయడం సూచించవలసి వచ్చేది.

ఈ ఉదాహరణలో సస్యరక్షణ జ్ఞానం ముఖ్యమే. అంతకన్నా ముఖ్యమైనది ఆమె తిరిగి వెళ్లడం. మొదటి రోజు రైతు ఆమెను కాలేజీ పిల్లగా చూశాడు. రెండవ రోజు సలహా చెప్పే మనిషిగా చూశాడు. రైతు చూపులోని ఈ మార్పే ఆమె తన గురించి తాను అనుకునే దానిని మారుస్తుంది. విమర్శనాత్మక ఆలోచన, భావప్రసారం, వృత్తి నిబద్ధత అనే సామర్థ్యాలు ఈ ఒక్క పనిలోనే అభ్యాసానికి వచ్చాయి. సంసిద్ధత, అస్తిత్వం కలిసే చోటు ఇదే.

రైతు వైపు నుంచి కూడా ఇది చిన్న విషయం కాదు. జాతీయ నమూనా సర్వే సంస్థ 2003లో నిర్వహించిన సర్వేలో ఆధునిక సాంకేతిక సమాచారం ఏదో ఒక వనరు నుంచి పొందిన రైతు కుటుంబాలు 40 శాతం మాత్రమే. విస్తరణ కార్యకర్త నుంచి పొందినవి 5.7 శాతం కాగా, ఎరువులు, పురుగుమందుల డీలరు నుంచి పొందినవి 13.1 శాతం. నమ్మదగిన సలహాదారు లేని చోట రైతు దుకాణం మెట్లెక్కుతాడు. తెలంగాణలో ఆ తరువాత 5,000 ఎకరాలకు ఒక క్లస్టరు చొప్పున వ్యవసాయ విస్తరణ అధికారులను నియమించి, 2,601 రైతు వేదికలను నిర్మించారు. ఆ వేదికలలో కూర్చునే అధికారి ‘చూసి చెబుతాను’ అని, చెప్పిన మాట ప్రకారం తిరిగి వెళ్లే వ్యక్తి అవుతాడా కాడా అన్నది చాలావరకు కళాశాల దశలోనే నిశ్చయమవుతుంది.

ఐదు మెట్ల నిర్వహణ

1. తన కథను తాను రాసుకోవడం: గ్రామానికి వెళ్లక ముందు పరిచయ వారంలో ప్రతి విద్యార్థీ ఒక పుట రాయాలి. ఈ కోర్సులో ఎందుకు చేరారు, ఎవరి నిర్ణయం, ఇప్పుడు ఏమనుకుంటున్నారు అన్నవి అందులో ఉండాలి. దీనికి మార్కులు ఉండరాదు. వైద్య విద్య తప్పిపోయిన సంగతిని దాచకుండా రాయగలిగిన విద్యార్థి అన్వేషణ మొదలుపెట్టినట్లే. కార్యక్రమం చివర అదే పుటను మళ్లీ చదివి, మారినదేమిటో రాయించాలి.

2. ప్రశ్నల పుస్తకం: గ్రామ నివాసంలో ప్రతి విద్యార్థీ రైతులు అడిగిన ప్రశ్నలను వారి మాటలలోనే తేదీతో సహా నమోదు చేయాలి. ప్రశ్న, చూసిన లక్షణాలు, సంప్రదించిన శాస్త్రవేత్త లేదా గ్రంథం, రైతుకు చెప్పిన సమాధానం, తిరిగి వెళ్లిన తేదీ, ఫలితం అనే ఆరు గడులు చాలు. ఇతరుల రికార్డు నుంచి ఎత్తిరాయడానికి వీలులేనిది ఇదొక్కటే. ఆ తోటకు, ఆ రోజుకు, ఆ రైతుకు మాత్రమే చెందిన వివరం అందులో ఉంటుంది.

3. ఇద్దరు మార్గదర్శకులు: విద్యార్థికి ఒక శాస్త్రవేత్తతో పాటు ఒక అనుభవజ్ఞుడైన రైతు లేదా మహిళా రైతు మార్గదర్శకులుగా ఉండాలి. శాస్త్రవేత్త నుంచి పద్ధతి, రైతు నుంచి తీర్పు నేర్చుకోవాలి. శాస్త్రవేత్త వారానికి ఒకసారి ప్రశ్నల పుస్తకాన్ని చదివి, సమాధానం తప్పయిన చోట విద్యార్థితో కలిసి తోటకు వెళ్లాలి. తప్పును రైతు ముందు ఒప్పుకొని సరిదిద్దడం ఎలాగో విద్యార్థి చూడవలసినది అక్కడే.

4. అనుభవాన్ని వృత్తి భాషలోకి మార్చడం: ‘గ్రామంలో 8 వారాలు ఉన్నాను’ అన్న వాక్యం ఇంటర్వ్యూలో ఏమీ చెప్పదు. ‘టమాటలో ఆకుముడత వైరస్ వల్ల కాదని, కలుపు మందు తుంపరల వల్లనని గుర్తించి, అనవసరమైన పిచికారీని నివారించాను’ అన్న వాక్యం పనిమంతుని చూపుతుంది. ప్రశ్నల పుస్తకం నుంచి మూడు సంఘటనలను ఎంచుకొని సమస్య, చేసిన పని, ఫలితం, నేర్చుకున్నది అనే క్రమంలో తెలుగులోనూ ఇంగ్లిషులోనూ చెప్పించాలి. ప్లేస్‌మెంట్ విభాగం చేయవలసిన పని ఇక్కడ మొదలవుతుంది.

5. తిరిగి అప్పగించడం: చివరి వారంలో విద్యార్థులు గ్రామ సభలో లేదా రైతు వేదికలో తాము నేర్చుకున్నది రైతులకు వివరించాలి. పరిష్కారం కాని ప్రశ్నలను స్థానిక విస్తరణ అధికారికి రాతపూర్వకంగా అప్పగించాలి. పనిని మధ్యలో వదిలివేయకపోవడం వృత్తి ధర్మమని ఈ మెట్టు నేర్పుతుంది.

నగర శివారు ప్రత్యేకతలు

బహదూర్‌పల్లి పరిసరాలలో ఒకనాటి పొలాలు చాలావరకు లేఅవుట్లుగా మారాయి. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలు ఒకప్పుడు ద్రాక్ష తోటలకు పేరుపొందినవి. మిగిలిన భూములలో ఆకుకూరలు, కూరగాయలు, పూలు సాగవుతున్నాయి. భూ యజమాని నగరంలో ఉండి, కౌలుదారు సేద్యం చేసే చోట్లు ఉన్నాయి. ఇటువంటి ప్రాంతంలో వ్యవసాయానికి భవిష్యత్తు లేదన్న అభిప్రాయం విద్యార్థికి సులభంగా కలుగుతుంది. నిజానికి వ్యవసాయ వృత్తి ఎన్ని రూపాలు ధరించగలదో చూడడానికి శివారు ప్రాంతం అనువైనది.

మేడ్చల్ చుట్టుపక్కల విత్తన శుద్ధి కేంద్రాలు, శామీర్‌పేట వైపు జినోమ్ వ్యాలీలోని జీవసాంకేతిక సంస్థలు, జీడిమెట్లలో ఉద్యాన శాఖ వారి నైపుణ్య కేంద్రం, నగరానికి మొక్కలు అందించే నర్సరీలు పరిశ్రమ అనుసంధాన వారాలకు తగినవి. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో వృథా కూరగాయల నుంచి బయోగ్యాస్, విద్యుత్తు తయారుచేసే కేంద్రం పనిచేసింది. రోజుకు 10 టన్నుల వ్యర్థం నుంచి సుమారు 500 యూనిట్ల విద్యుత్తు వస్తున్నదని 2021 జనవరిలో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో ప్రస్తావించారు. ఇటువంటి చోట ఇంజనీరు, వ్యవసాయ పట్టభద్రుడు, మార్కెట్ అధికారి ఒకే సమస్యపై కలిసి పనిచేయవలసి ఉంటుంది. బహదూర్‌పల్లి ఇంజనీరింగ్ విద్యార్థులనూ పరిసర వ్యవసాయ విద్యార్థులనూ కలిపి ఒక చిన్న ప్రాజెక్టు చేయించితే, ఇతర వృత్తి ఎదుట నిలిచి తన వృత్తిని వివరించవలసిన అవసరం ఇరువురికీ కలుగుతుంది. తనకు ఏమి తెలుసో విద్యార్థికి స్పష్టమయ్యేది అటువంటి సందర్భంలోనే.

స్వయం ఉపాధి కోరేవారికి 2002 ఏప్రిల్‌లో మొదలైన అగ్రి క్లినిక్‌లు, అగ్రి బిజినెస్ కేంద్రాల పథకం ఉంది. రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ ‘మేనేజ్’ దీని శిక్షణను సమన్వయం చేస్తుంది. శిక్షణ కాలం 45 రోజులు. బ్యాంకు రుణంపై సాధారణ వర్గాలకు 36 శాతం, మహిళలకు, షెడ్యూల్డు కులాలకు, తెగలకు 44 శాతం రాయితీ ఈ పథకంలో భాగం. ప్రశ్నల పుస్తకం నింపిన విద్యార్థికి ఈ పథకం పేరు ఒక పోటీ పరీక్ష జవాబుగా కాక, తాను చేయగల పనిగా తోస్తుంది.

మూల్యాంకనం

కొలిచినదే విద్యార్థి నేర్చుకుంటాడు. మార్కులన్నీ రికార్డు అందానికి వెళితే శ్రమంతా రికార్డుకే వెళుతుంది. అందువల్ల ప్రశ్నల పుస్తకంలో తిరిగి వెళ్లిన సందర్భాలకు, తెలియనిదాన్ని తెలియదని నమోదు చేసిన నిజాయితీకి, సరిదిద్దుకున్న తప్పులకు మార్కులలో తగిన వాటా ఉండాలి. మార్గదర్శక రైతు అభిప్రాయాన్ని రెండు ప్రశ్నలతో సేకరించవచ్చు: ‘ఈ విద్యార్థి చెప్పిన రోజుకు వచ్చారా? మళ్లీ మీ తోట చూడడానికి వీరినే పిలుస్తారా?’ విద్యార్థుల సంఖ్య ఎక్కువై, ఒక శాస్త్రవేత్తకు పర్యవేక్షణ భారమైనప్పుడు అన్ని రికార్డులనూ పైపైన చూడడం కన్నా, ప్రతి విద్యార్థి పుస్తకంలోనూ రెండు సంఘటనలను లోతుగా చర్చించడం మేలు.

గ్రామంలో విద్యార్థినుల వసతి, భద్రత, ప్రయాణ సౌకర్యం ముందే ఏర్పాటు కానిదే ఈ మెట్లలో ఏదీ సాగదు. సాయంత్రం వేళ రైతులు తీరికగా మాట్లాడే సమయానికే విద్యార్థినులు బస్సు పట్టుకోవలసి వస్తే, వారి ప్రశ్నల పుస్తకం సగమే నిండుతుంది. దానిని వారి ఆసక్తి లోపంగా లెక్కించరాదు.

ముగింపు

బహదూర్‌పల్లిలోని ఇంజనీరింగ్ విద్యార్థికి వృత్తి ఎదుటి ప్రాంగణంలో కనిపిస్తుంది. వ్యవసాయ విద్యార్థికి అది రైతు అడిగే ప్రశ్నలో వినిపిస్తుంది. ఆ ప్రశ్నను విని, దాని వెంట వెళ్లి, సమాధానంతో తిరిగి వచ్చిన ప్రతిసారీ విద్యార్థి వృత్తిలోకి ఒక అడుగు వేస్తాడు. ఉద్యోగ నియామకాల సంఖ్య కళాశాలకు అవసరమే. అయితే ఆ సంఖ్య వెనుక, ‘నేను వ్యవసాయ శాస్త్రం చదివాను, మీ తోట చూస్తాను’ అని సంకోచం లేకుండా చెప్పగల పట్టభద్రులు ఎందరన్నది అంతకన్నా విలువైన లెక్క. గ్రామంలో గడిపే ఆ 8 వారాలను రికార్డు కోసం కాక రైతు కోసం వినియోగించే ఏర్పాటు విస్తరణ శాస్త్రవేత్తల చేతిలోనే ఉంది. అందుకు కొత్త నిధులు గాని, కొత్త కోర్సు గాని అవసరం లేదు. ఆరు గడుల పుస్తకం, దానిని శ్రద్ధగా చదివే గురువు ఉంటే ఈ పని మొదలవుతుంది.